సారథి ఎరుగవలసిన హద్దు

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించిన తరువాత, రాయపూర్ నగరానికి ఆగ్నేయంగా పొలాలూ చెరువులూ పరచుకున్న నేలపై కొత్త పాలనా నగరానికి రూపకల్పన జరిగింది. అదే నయా రాయపూర్. 2012లో రాష్ట్ర సచివాలయం అక్కడి మహానదీ భవనానికి తరలింది. 2018లో నగరానికి అటల్ నగర్ అనే పేరు వచ్చింది. రాబోయే తరాల జనాభాను దృష్టిలో ఉంచుకొని వేసిన రహదారులు కావడంతో అవి ఎంతో విశాలంగా సాగుతాయి. పాత రాయపూర్‌లోని గోల్ బజార్ పరిసరాలలో వాహనం నడిపేవాడికి హద్దును గుర్తుచేసేవారు అడుగడుగునా ఉంటారు. ఎదురుగా వచ్చే రిక్షా, దారికడ్డంగా నిలిచిన ఆవు, సంచితో రోడ్డు దాటే వృద్ధురాలు, అందరూ అతని వేగానికి కళ్ళెం వేసేవారే. జనసంచారం పలుచబడిన వేళ నయా రాయపూర్ రహదారిపై ఆ కళ్ళేలు ఉండవు. వారించేవారు లేనిచోట మనిషి తనను తాను ఎంతవరకు నిలుపుకోగలడన్నది ప్రాచీనమైన ప్రశ్న. విశాలమైన రహదారి ఆ ప్రశ్ననే కొత్తగా అడుగుతుంది.

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. వెనుక చక్రాలకు ఇంజను బలం అందే శక్తిమంతమైన స్పోర్ట్స్ కారు ఒక యువకుడి చేతికి వచ్చింది. 50 మీటర్ల వ్యాసార్ధం గల ఒక మలుపును అతడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వేసవి అంతా తిరిగాడు. ఏనాడూ ఏమీ కాలేదు. పొడి రోడ్డుపై టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, ఆ మలుపు సుమారు 71 కిలోమీటర్ల వేగం వరకు కారును పట్టి ఉంచగలదు. తొలకరి జల్లు పడి, రోడ్డుపై పేరుకున్న దుమ్మూ చమురూ తడిసిననాడు ఆ గుణకం 0.4కు తగ్గిందనుకుంటే, హద్దు 50 కిలోమీటర్లకు దిగివస్తుంది. యువకుడు మాత్రం అదే 60తో వచ్చాడు. అతడు మారలేదు, కారు మారలేదు. హద్దు ఒక్కటే, అతనికి చెప్పకుండా, వెనక్కు జరిగింది.

ఆ తరువాత జరిగేది క్షణంలో ముగుస్తుంది. టైరుకు ఉన్న పట్టు ఒక పరిమిత ధనం వంటిది. మలుపు తిరగడానికీ, వేగం పెంచడానికీ, బ్రేకు వేయడానికీ ఆ ఒక్క మూటలోంచే ఖర్చు పెట్టాలి. ఇటువంటి కారులో ముందు చక్రాలు దిశను నిర్ణయిస్తాయి, వెనుక చక్రాలు తోస్తాయి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే, వెనుక టైర్ల పట్టులో ఎక్కువ భాగం తోయడానికే ఖర్చై, కారు తోకభాగం మలుపు వెలుపలికి జారుతుంది. జారుతున్నదని తెలియగానే కొత్తవాడు చేసే మొదటి పని కాలు చప్పున పైకి తీయడం. దానితో బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది, వెనుక చక్రాలు తేలికపడి ఉన్న కాస్త పట్టునూ కోల్పోతాయి, కారు గిరగిరా తిరుగుతుంది. చేయవలసింది వేరు. కాలును మెల్లగా సడలించి, తోక జారుతున్న దిక్కుకే స్టీరింగును తగినంత తిప్పి, చూపును భయం కలిగించే స్తంభం మీద గాక చేరవలసిన దారి మీద నిలపాలి.

నీతిశాస్త్రం పట్టించుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. కాలు పైకి తీసినప్పుడు ఆ యువకుడి ఉద్దేశం మంచిదే. తప్పును సరిదిద్దుకోవాలనే అతడు తలచాడు. అయినా ఆ సదుద్దేశమే అపాయాన్ని పెంచింది. కీలక క్షణంలో మంచి తలంపు ఒక్కటీ చాలదు. ఆ తలంపును సరైన చేతగా మలచే అభ్యాసం అంతకు ముందే ఒంటబట్టి ఉండాలి. కోపం వచ్చాక శాంతాన్ని వెదికేవాడికీ, అధికారం చేతికందిన తరువాత సంయమనం నేర్చుకోజూసేవాడికీ వర్తించే సూత్రం ఇదే. శక్తి వెనుక నుంచి తోస్తున్నప్పుడు దిశను కాపాడే నేర్పు ఆనాటికి కొత్తగా పుట్టదు.

అయితే ఒక ఆక్షేపణ వినవస్తుంది. దాటనిదే హద్దు తెలియదు గదా, పడనివాడికి నడక వస్తుందా అని కొందరంటారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. జారుడును ఒంటితో ఎరుగనివాడికి పుస్తకంలోని ఘర్షణ గుణకం అక్కరకు రాదు. కాని నడక నేర్చే బిడ్డ పడితే దెబ్బ తగిలేది బిడ్డకే. రహదారిపై హద్దును వెదికేవాడు తన ప్రాణంతోపాటు ఎదుటివారి ప్రాణాన్ని కూడా, వారి అనుమతి లేకుండా, పందెం కాస్తున్నాడు. ఈ ఆక్షేపణకు జవాబు ప్రయోగాన్ని నిషేధించడంలో లేదు, ప్రయోగానికి తగిన చోటును ఎంచుకోవడంలో ఉంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ కార్లను ముందుకు నడిపేది వెనుక చక్రాలే. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ మార్గానికి ఇరువైపులా అడ్డుగోడలు నిలిపారు, సామాన్య రాకపోకలను ఆపారు, కార్ల రద్దీ నుంచి పాదచారిని తప్పించారు. బరిలోకి దిగిన ప్రతివాడూ ప్రమాదాన్ని ఎరిగి సమ్మతించినవాడే. ఆనాడు కార్లు ఒకదానికొకటి తగిలాయి, కొందరు మధ్యలోనే వైదొలగారు. అది క్రీడలో భాగమనిపించుకుంది. అదే తీరంలో మరునాడు ఎవరైనా ఆ వేగంతో పోతే అది నేరమవుతుంది. తారు అదే, మలుపు అదే. మారినది ఇతరుల పట్ల గల బాధ్యత.

ఇటీవలి యంత్రవిజ్ఞానం ఈ ప్రశ్నకు మరొక మెలిక వేసింది. కారు జారబోతున్నదని గ్రహించి, ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ 1995లో కార్లలోకి వచ్చింది. 1997లో స్వీడన్‌లో పరీక్షిస్తుండగా మెర్సిడెస్ సంస్థ చిన్న కారు బోల్తాపడిన తరువాత, ఆ సంస్థ ఆ నమూనా అంతటికీ ఈ ఏర్పాటును అమర్చింది. ఇది ఎందరి ప్రాణాలనో కాపాడే సాధనం, సందేహం లేదు. కాని యంత్రం చేసిన సవరణను తన నైపుణ్యమని భ్రమించేవాడికి అసలు హద్దు కనిపించకుండా పోతుంది. యంత్రం సైతం టైరుకు లేని పట్టును సృష్టించలేదు.

ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి దక్షిణ కోసల అనే ప్రాచీన నామం ఉంది. ఉత్తరాన ఉన్న కోసలకు రాజైన ఋతుపర్ణుడి కథ మహాభారత అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో వస్తుంది. తెలుగువారికి దానిని నన్నయ అందించాడు. జూదంలో రాజ్యం కోల్పోయి, బాహుకుడనే మారుపేరుతో సారథిగా కొలువు చేస్తున్న నలుడు, ఒక్క పగటిలో ఋతుపర్ణుణ్ణి విదర్భకు చేర్చవలసివస్తుంది. రాజు ఉత్తరీయం జారిపడింది, రథం ఆపమన్నాడు. అది అప్పటికే యోజనం వెనుక ఉండిపోయిందన్నాడు సారథి. అంతటి వేగం తెలిసినవాడు. అయినా రాజు ఒక తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కించి చెప్పగా, ఆలస్యమవుతున్నదని రాజు తొందరపెడుతున్నా, నలుడు రథాన్ని నిలిపి దిగాడు. ఆ లెక్క నిజమో కాదో స్వయంగా సరిచూశాడు. అశ్వహృదయం ఎరిగినవాడు అక్షహృదయం ఎరుగడు. తన పతనానికి మూలమైన అజ్ఞానం ఏదో అతడికి అక్కడ తెలిసింది. ఆ విద్యను అందుకోగానే కలి అతని దేహాన్ని విడిచిపోయాడు.

లోకంలో అతడంతటి సారథి లేడు. అతనికి విముక్తి లభించింది మాత్రం రథం నిలిచిన చోట. తనకు తెలియనిది ఇంకా ఉన్నదని అంగీకరించి, గమ్యం తొందరపెడుతున్నా ఆగగలగడమే అతని సారథ్యానికి పరిపూర్ణత నిచ్చింది. నయా రాయపూర్ రహదారిపై తొలకరి కురిసిన సాయంత్రం, మలుపుకు ముందే కాలును మెల్లగా సడలించే యువకుడిని చూసినవారు భయస్థుడని అనుకోవచ్చు. ఆ మలుపుకు అవతల సైకిలుపై ఇంటికి పోతున్న మనిషికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. తెలియకుండానే అతడు క్షేమంగా ఇల్లు చేరుతాడు.