ఒక్క సెకను భేదం

ఎవరికీ కనబడని చోట చేసే పనిలో నిష్ఠ దేనికన్న ప్రశ్న పాతదే. శిఖరం మీద కంటికందని ఎత్తున ఉలి పట్టిన శిల్పికీ అది తప్పలేదు. నేడది ఒక ఆటలో ఎదురవుతున్నది.

మెక్సికోలో రూపొంది, 2011లో తొలిసారి వెలువడి, 2015లో పూర్తి రూపం దాల్చిన కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆటలో ఉపగ్రహాలను కక్ష్యలో నిలపడం ఒక ముఖ్యమైన పని. అందులో భూమికి బదులు కెర్బిన్ అనే కల్పిత గ్రహం ఉన్నది. దాని వ్యాసార్ధం 600 కిలోమీటర్లే. దాని మధ్యరేఖకు పైన సుమారు 2,863 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం, ఆరు గంటలకు కొంచెం తక్కువ కాలంలో ప్రదక్షిణం ముగించి, ఒకే చోట నిలిచినట్లు కనబడుతుంది. అటువంటివి మూడింటిని 120 డిగ్రీల ఎడంతో నిలిపితే గ్రహం చుట్టూ వార్తాసంబంధం ఏర్పడుతుంది.

కొత్తవాడు ఎత్తులను సమానం చేయబోతాడు. అనుభవజ్ఞుడు ప్రదక్షిణ కాలాన్ని సమానం చేస్తాడు. కక్ష్య కొంచెం కోలగా ఉన్నా ఉపగ్రహం అటూ ఇటూ ఊగి తన చోటికే వస్తుంది. కాలంలో తేడా ఉంటే అది పేరుకుంటూ పోతుంది. ప్రదక్షిణానికి ఒక్క సెకను తేడా ఉన్నా, 426 దినాల కెర్బిన్ సంవత్సరంలో ఉపగ్రహం దాదాపు 7 డిగ్రీలు జరుగుతుంది. ఆ సెకనుకు మూలమైన వేగభేదం సెకనుకు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే! అందుకే ఆటగాడు యంత్రబలాన్ని అతి తక్కువకు తగ్గించి, క్షణకాలం మండించి ఆపుతూ సవరిస్తాడు.

ఇక్కడే ప్రలోభం. ఆట తన స్థితినంతా ఒక పాఠ్యపత్రంలో దాచుకుంటుంది. దానిని తెరిచి కావలసిన అంకె వ్రాసుకోవచ్చును. ప్రత్యర్థి లేడు, మోసపోయినవాడూ లేడు. పైగా నౌకను నడిపేటప్పుడు గణనలోని సూక్ష్మదోషం వల్ల చివరి అంకెలు వాటంతట అవే చలిస్తాయి. యంత్రం చేసిన తప్పును దిద్దితే అధర్మమేమిటని వారి వాదం. ఈ వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. చేతితో నడిపినట్లు ఇతరులకు చూపితే అది అబద్ధమే. కాని అది వేరు సంగతి.

అయితే ఆ ప్రపంచంలో ఆటగాడు చూపు మరల్చగానే ఉపగ్రహం కేవలం సూత్రాన్ననుసరించి, ఎన్నటికీ చెదరక తిరుగుతుంది. నిజమైన ఆకాశం అటువంటిది కాదు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని సూర్యచంద్రులు ఒక వైపు లాగుతారు. భూమధ్యరేఖ సరియైన వృత్తం కాకపోవడం మరొక వైపు జరుపుతుంది. కర్ణాటకలోని హాసన్ కేంద్రంలో 1980ల నుండి మన ఇంజనీర్లు ఆ చలనాన్ని పదే పదే సరిదిద్దుతున్నారు. కక్ష్య వాలు పెరగకుండా కాపాడడానికే ఏటా సెకనుకు సుమారు 50 మీటర్ల వేగానికి సరిపడే ఇంధనం ఖర్చవుతుంది; ఇంధనం తీరితే ఉపగ్రహం సేవ తీరినట్లే. అక్కడ కచ్చితత్వం ఒకనాటి సిద్ధి కాదు, నిత్య పరిచర్య.

అంకె వ్రాసుకున్నవాని కక్ష్య నిర్దుష్టమే. కాని ఏ దోషాన్ని దిద్దాలి, దేనిని ఉండనివ్వాలి అని నిర్ణయించే అవసరం అతనికి కలుగలేదు. చేతితో సవరించేవానికి అది ప్రతి క్షణమూ కలుగుతుంది. కెర్బిన్ చుట్టూ ఉన్న రెండు ఉపగ్రహాల ఎడం 160 డిగ్రీలకు చేరితే గాని వాటి మధ్య గ్రహం అడ్డురాదు. ఆ ఒక్క సెకను వల్ల అంత ఎడం ఏర్పడడానికి ఐదేళ్ళకు పైగా పడుతుంది. ఆ లెక్క వేసుకున్నవాడు సెకనును అలాగే వదిలి, మూడవ ఉపగ్రహం పనికి పూనుకుంటాడు.