ముల్లు తెలియని చక్రం

“సార్, ట్యూబు వేయమంటారా, ట్యూబ్‌లెస్ చేయమంటారా?”

మెకానిక్ కుర్రాడు ఈ మాట అడిగాక పది రోజుల దాకా నేను జవాబు చెప్పలేదు. నా కొండ సైకిలు చక్రాలు రెండూ అతని షాపు గోడకు ఆనించి ఉన్నాయి. టైర్లు మాత్రం అప్పటికే కొనేశాను. 29 అంగుళాలవి, 2.35 వెడల్పు. ముందుదానికి ఎత్తయిన గుబ్బలు, వెనకదానికి పొట్టివి. ముందు చక్రం మలుపులో పట్టు తప్పిందంటే మనిషి కింద ఉంటాడు. వెనకది జారితే ఎలాగో సర్దుకోవచ్చు. అందులో తేల్చుకోలేనంత వేదాంతం ఏమీ లేదు. ఆ టైర్ల లోపల ఏముండాలన్న దగ్గరే ఆగిపోయాను.

మా నాన్నది గుత్తిలో సైకిల్ షాపు. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, సొట్టలు పడ్డ బేసిన్లో నీళ్లలో ముంచి తిప్పుతుంటే బుడగలు వచ్చేవి. అక్కడ కాపీయింగ్ పెన్సిలుతో గుర్తు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఉఫ్‌మని ఊదేవాడు. ప్యాచీ అంటించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసేవాడు. పని అక్కడితో అయిపోయినట్టే ఉండేది, కానీ కాదు. టైరు లోపల చూపుడువేలు పెట్టి చుట్టూ నెమ్మదిగా తడిమేవాడు. వేలికి గుచ్చుకుంటేనే ముల్లు దొరికినట్టు. “ముల్లు తీకుండా ప్యాచీ ఏసి దుడ్లు తీసుకుంటే పాపంరా. వాడు పొలిమేర దాటేలోపల మళ్లా దిగిపోతుంది” అనేవాడు. ఆ వేలి కొస ఎప్పుడూ చిల్లులు పడి ఉండేది.

ఆ ముళ్లలో ఎక్కువ భాగం పల్లేరువే. వేరుశనగ కోసిన చేలల్లో, బీడుల్లో, కాలిబాట పక్కన నేలకు కరుచుకుని పాకుతుంది. చిన్న పసుప్పచ్చ పువ్వు. కాయ ఎండితే ముక్కలుగా విడిపోతుంది. ముక్క ఎలా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంది. ఆయుర్వేదంలో గోక్షురం అనేది దీన్నే. అమెరికాకు ఎప్పుడో ఎక్కిపోయింది. అక్కడి పడమటి ఎడారి రాష్ట్రాల్లో దీనికి మేకతల అని పేరు. సైకిలు వాళ్లు దీన్ని తిట్టని రోజుండదు. ట్యూబ్‌లెస్ మీద అక్కడివాళ్లకు అంత మోజుండటానికి ఈ పల్లేరు కూడా ఒక కారణమే.

ట్యూబ్‌లెస్ కొత్తదేమీ కాదు. కొండ సైకిళ్ల కోసం మావిక్, హచిన్సన్, మిషెలిన్ కంపెనీలు కలిసి 1999లో ఒక పద్ధతి తెచ్చాయి. ఇప్పుడు అందరూ చేసేది దానికంటే సులువు. రిమ్ములో పుల్లల బెజ్జాలు మూసేలా గట్టి టేపు చుట్టి, వాల్వు బిగించి, టైరులో ఓ వంద మిల్లీలీటర్ల రబ్బరు పాలు పోస్తారు. షాపు కుర్రాడు నాకు చేసి చూపించాడు కూడా. వేరే సైకిలు టైరులో మేకు గుచ్చి లాగాడు. పాలు తెల్లగా చిమ్మాయి. చక్రం నాలుగు చుట్లు తిప్పేసరికి బుస్సుమన్న చప్పుడు ఆగిపోయింది. “దారిలో అయితే మీకు గుచ్చుకున్నట్టే తెలియదు సార్” అన్నాడు గర్వంగా.

నన్ను పట్టుకున్నది ఆ మాటే.

ముప్ఫై ఒక్కేళ్లు కాలేజీలో సంస్కృతం చెప్పాను. కఠోపనిషత్తులో రథం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి పోయే దారులు. ఇంత చెప్పి, ఉపనిషత్తు చక్రాల ఊసు మాత్రం ఎత్తలేదు. రథంలో దారిని తాకేది అవొక్కటే, ముల్లు దిగేదీ అక్కడే. రిటైరై, అరవై ఏళ్ల వయసులో గుట్టలెక్కడం మొదలుపెట్టాకే నాకిది తట్టింది.

చక్రం గురించి బుద్ధుడు చెప్పాడు. అంగుత్తర నికాయంలో పచేతనుడనే రాజు కథ ఉంది. ఆరు నెలల్లో యుద్ధం, జత చక్రాలు కావాలన్నాడు. ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ ఉందనగా ఒక్కటే తయారైంది. రెండోదాన్ని రథకారుడు మిగిలిన ఆరు రోజుల్లో చేసి ఇచ్చాడు. రెండూ చూసి, వీటిలో తేడా ఏముంది, నాకేం కనబడటం లేదే అన్నాడు రాజు. రథకారుడు దొర్లించి చూపించాడు. ఆరు రోజులది కొంతదూరం పోయి, గిర్రున తిరిగి నేల మీద పడింది. మొదటిది ఇరుసుకు తగిలించినట్టు నిలబడింది. పడినదాని పట్టాలో, ఆకుల్లో, కుంభంలో కంటికి ఆనని వంకర మిగిలిపోయింది. ఆ రథకారుణ్ణి నేనే, అప్పుడు కొయ్యలో వంకర తీశాను, ఇప్పుడు మాటలో చేతలో మనసులో వంకర తీస్తున్నాను అంటాడు బుద్ధుడు. ఆయన నాలుగు సత్యాల్లో మొదటిదాని పట్ల మనిషి చేయాల్సిన పని కూడా ఇదే: దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవడం. పోగొట్టడం తర్వాతి మాట.

మా నాన్న బేసిన్లో బుడగల కోసం వెతికింది ఇదే కదా అనిపించింది. మరి గుచ్చుకున్నట్టే తెలియనివ్వని చక్రం నాకు మంచి చేస్తున్నట్టా, చెడు చేస్తున్నట్టా?

ఈ సంగతి నాతో ఆదివారాలు వచ్చే డాక్టరు మిత్రుడితో అంటే నవ్వాడు. “మాస్టారూ, మీ ఒళ్లే ట్యూబ్‌లెస్. గడ్డం గీసుకుంటే తెగుతుంది, నెత్తురు దానంతటదే గడ్డకడుతుంది. ప్రతిసారీ మీకు చెప్పి గడ్డకడుతుందా? చెప్పాలనుకోవడం మీ అహంకారం.” జవాబు తోచక రెండు మైళ్లు మాట్లాడకుండా తొక్కాను. గుట్ట మలుపులో గుర్తొచ్చి అడిగాను: “మీ షుగరు పేషెంట్ల కాళ్ల సంగతేమిటి? ముల్లు దిగినా తెలియదంటారు కదా?” ఈసారి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, స్పర్శ పోయిన కాలితో మొల దిగిన చెప్పు తొడుక్కుని రోజంతా నడిచిన ఒక రైతు గురించి చెప్పాడు. “వేలు తీసేయాల్సి వచ్చింది. అందుకే రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోమంటాం. నొప్పి చెప్పనప్పుడు కన్ను చూడాలి” అన్నాడు.

నా ఎంపిక అక్కడే తేలిపోయింది.

ట్యూబుకు ఇంకో చిక్కు కూడా ఉందని ఒప్పుకోవాలి. మా రాళ్ల దారిలో పట్టు కోసం గాలి తగ్గిస్తే, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దాన్ని పాముకాటు అంటారు. ఆ భయంతో నా బరువుకు ముప్ఫై అయిదు పౌండ్లు కొడితే రాయి రాయికీ సైకిలు ఎగిరిపడుతుంది. ట్యూబ్‌లెస్‌లో ఇరవై నాలుగు చాలు. వీణ తీగ మరీ బిగించకూడదు, మరీ వదలకూడదు అని శిష్యుడు సోణుడికి బుద్ధుడు చెప్పింది, గాలి పంపు పట్టుకున్న ప్రతివాడికీ వర్తిస్తుంది.

పదకొండో రోజు షాపుకు పోయి ట్యూబ్‌లెస్సే చేయమన్నాను. ఒక ట్యూబు కూడా కొని సీటు కింద సంచిలో పెట్టుకున్నాను. పెద్ద కోత పడితే పాలు ఆపలేవు. మూడు నెలలకోసారి టైరు విప్పి చూస్తానంటే కుర్రాడు వింతగా చూశాడు. “అక్కర్లేదు సార్, వాల్వులోంచి కొత్త పాలు పోస్తే సరిపోతుంది.” సరిపోతుందని నాకూ తెలుసు.

మొన్న ఆదివారంతో మూడు నెలలు నిండాయి. వరండాలో పాత చాప పరిచి టైర్లు రెండూ విప్పాను. పాలు మా ఎండలకు సగం ఎండి, లోపల మీగడలా అట్టకట్టాయి. దాన్ని ఒలిచి, చూపుడువేలు పెట్టి చుట్టూ తడిమాను. దొరికిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, పటకారుతో లాగాను. ముందు టైరులో తొమ్మిది, వెనకదాంట్లో ఇరవై మూడు. ఒక్క తుమ్మముల్లు తప్ప అన్నీ పల్లేరువే.