కసురుమాట ఎవరిది?

సర్కారు ఆసుపత్రి జనరల్ వార్డులో ఒక రాత్రి గడిపినవారెవరూ నర్సును గురించి తటస్థంగా మాట్లాడరు. కొందరికామె దేవత, ఎక్కువమందికి గయ్యాళి. ఈ రెండు మాటలూ ఒకే భావవాదపు గూటిలోనివని నా అభిప్రాయం. రెండూ ఆమె గుణాన్నే తూకం వేస్తాయి గాని పనిని చూడవు. దేవతకు జీతమెందుకు, సెలవెందుకు అనేవాళ్లే ఆమె విసుక్కోగానే రాక్షసి అంటారు.

పనిని చూద్దాం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు, సాధారణాసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిలు ప్రమాణం. మా అమ్మ మంచంపట్టిన వార్డులో రాత్రి డ్యూటీ సిస్టరు ఒక్కతే. మంచాలు 40, నేలమీద పడుకున్నవారు వేరు. సెలైన్లు మార్చడం, ఇంజక్షన్లు, కేసు షీట్ల రాతకోతలు, ఏడ్చేవాళ్లను ఓదార్చడం - ఈ చివరి పని ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆసుపత్రులను పరిశీలించింది. నర్సుకు ఒక్కొక్క రోగి పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స జరిగినవారు 30 రోజుల లోపల మరణించే అవకాశం 7 శాతమూ, నర్సు మనసు ఎండిపోయే అవకాశం 23 శాతమూ పెరుగుతున్నాయని తేల్చింది. ఈ ఎండిపోవడాన్నే 'బర్నౌట్' అంటున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగం తెచ్చిపెట్టే స్థితిగా లెక్కవేసింది. అంటే మూలం నర్సు నరాల్లో లేదు, పని ఏర్పాటులో ఉంది. ధ్యానం తరగతులు పెట్టి ఆమెను బాగుచేయబోయే యాజమాన్యాలకు ఈ తేడా రుచించదు లెండి.

ఇక్కడ ఆగితే మన వాదన సుఖంగానే ఉంటుంది. తప్పంతా పరిస్థితులదే అని చేతులు దులుపుకోవచ్చు. మనలో చాలామంది ఆగుతారు కూడా. కాని ఆ రాత్రి ఆ సిస్టరు కసురుకున్నది ఎవరిని? మంచినీళ్లడిగిన ఒక కూలి ముసలమ్మను. అంతకు అరగంట ముందు డ్యూటీ డాక్టరు కేసు షీటు విసిరికొడితే ఆమె మారు పలకలేదు. పక్క మంచంమీది గుమాస్తాగారి భార్యను 'అమ్మా' అనే పలకరించింది. అలసట పరిస్థితుల వల్ల వచ్చిందే; అది ఎవరిమీద పడాలో దారి చూపినవి మాత్రం డబ్బూ, హోదా, కట్టుబట్టా. శ్రమించే మనిషి కోపం యజమాని గుమ్మం ఎక్కకుండా తనకంటె కింద ఉన్నవారిమీదికి జారిపోవడం వర్గ సమాజానికి ఎంత సౌకర్యం! ముసలమ్మకు తగిలిన దెబ్బ, మనం కారణం వివరించినంతమాత్రాన తగ్గదు.

చేయవలసినదేదో తెలిసీ సంస్థ కట్టుబాట్ల వల్ల చేయలేకపోవడంలోని బాధకు, 1984లో నర్సుల నీతి సమస్యలమీద రాస్తూ ఆండ్రూ జేమ్‌టన్ 'నైతిక వేదన' అని పేరు పెట్టాడు. ఆ వేదన ఉన్నదంటే విచక్షణ చావలేదన్నమాట. ఆమెకు బాధ్యతే లేదనడం ఆమెను యంత్రమనడమే. బాధ్యత ఉంది, ఒంటరిగా మోయమనడమే అన్యాయం. 'ఇంతమందిని నేనొక్కదాన్నే చూడలేను' అని పైవాడితో అనాలంటే వెనక సంఘం ఉండాలి. నర్సుల సంఘం కోర్టుకెక్కబట్టే 2016లో సుప్రీంకోర్టు జీతాల మీద కమిటీ వేయమన్నది. చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు అమలుకావడం వేరే కథ.

ఆనాడు తెల్లవారుజామున నాలుగింటికి సిస్టరు గ్లాసుతో నీళ్లు తెచ్చి, ముసలమ్మ తల ఎత్తిపట్టి తాగించింది. ఏమీ అనలేదు. అవతల ఎవరిదో సెలైను అయిపోవచ్చింది, అటు వెళ్లింది.