అమ్మేవాడి ధర్మం

2018 ఫిబ్రవరి 14న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్‌లో ఒక పాఠశాలపై జరిగిన కాల్పుల్లో 17 మంది మరణించిన తరువాత, డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ అనే క్రీడాసామగ్రి సంస్థ, సైనికాయుధాలను పోలిన సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను, అంటే మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలి మరొకటి తనంతట నిండే తుపాకులను, తన దుకాణాల నుంచి పూర్తిగా తొలగించింది. హంతకుడు అంతకుముందు ఆ సంస్థలో ఒక తుపాకి కొన్నాడు గాని, హత్యలకు వాడినది అది కాదు. చట్టం వేలెత్తి చూపని చోట కూడా విక్రేతకు బాధ్యత ఉంటుందా అన్నదే ఇక్కడి ధర్మప్రశ్న.

బౌద్ధుల అష్టాంగమార్గంలో ఐదవది సమ్యగాజీవం, అనగా పరులకు హాని చేయని జీవనోపాధి. బౌద్ధ గ్రంథమైన అంగుత్తర నికాయం ఉపాసకులకు, అంటే గృహస్థ శిష్యులకు, తగవని చెప్పిన ఐదు వ్యాపారాలలో ఆయుధ విక్రయం మొదటిది. ఆయుధం జడమనీ, దోషం దానిని పట్టిన చేతిదేననీ, ఒకరి నేరానికి వేటగాళ్లనూ ఆత్మరక్షణ కోరేవారినీ శిక్షించరాదనీ చేసే వాదం తేలికగా తోసివేయదగినది కాదు. అయితే సమ్యగాజీవం ఇతరులను శిక్షించే సూత్రం కాదు, తన సంపాదన ఏ దుఃఖానికి దారి తీయగలదో ముందుగా చూసుకొమ్మనే ఆత్మపరీక్ష. మిగిలిన రైఫిళ్లను తయారీదారులకు తిప్పి పంపితే అవి మరొక అంగడికి చేరతాయి గనుక, సుమారు 50 లక్షల డాలర్ల సరుకును ఆ సంస్థ ధ్వంసం చేయించింది. లాభాన్ని వదులుకొన్న ఆ త్యాగంలోనే పరీక్షకు నిజమైన సమాధానం ఉన్నది.