ఏటిగట్టు మీద ‘పర్లేదు’

అంతర్వేది నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. తన ఎడమ మడమ మీద బొబ్బ మానిపోయింది. నేను మాత్రం ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నాను. నొప్పిని దాచుకుని రోజంతా నాతో నడిచిన మనిషి నాకు మేలు చేశాడా, అన్యాయం చేశాడా? స్నేహితుల్ని అడిగితే సగంమంది “ఎంత ప్రేమో!” అన్నారు. మిగతా సగం నవ్వి ఊరుకున్నారు.

నడక ప్లాన్ నాది. స్వామి కల్యాణానికొచ్చిన జనమంతా వెళ్లిపోయాక, మాఘ బహుళ ఏకాదశి నాడు, రైళ్లు మారి తెల్లవారుజామున నర్సాపురంలో దిగాం. పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవు చేరాం. అక్కణ్నుంచి ఏటిగట్టు పట్టుకుని అంతర్వేది, గుడి నుంచి సంగమం, ఆపైన సముద్రం ఒడ్డునే తూర్పుగా కొంతదూరం, తర్వాత లోపలికి తిరిగి కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద మళ్లీ రేవు. వెళ్లిన దారిన వెనక్కి రాకూడదని నా పట్టుదల. చుట్టు పూర్తవ్వాలి. “ఎందుకంత పట్టింపు?” అని తను అడగలేదు. “సరే” అన్నాడు. ఇద్దరం అనుకున్నాం కాబట్టి అది ఇద్దరి ప్లానూ అయింది. కనీసం నేనలా లెక్కేసుకున్నాను.

ఆ గట్టు మీద నడవడం భలే ఉంటుంది. ఒకవైపు నది, ఇంకోవైపు కొబ్బరిచెట్లు, వాటి మధ్య రొయ్యల చెరువులు, చెరువుల్లో ఏరియేటర్లు చేసే ఎడతెగని చప్పుడు. వేసవి దగ్గరపడేకొద్దీ ధవళేశ్వరం బరాజ్ దాటి కిందికొచ్చే మంచినీళ్లు తగ్గిపోతాయి. ఈ చివరికొచ్చేసరికి నదిలో తిరిగేది చాలావరకు సముద్రమే. పోటుకి పైకి వస్తుంది, పాటుకి కిందికి పోతుంది. ఆ పొద్దున పాటు. గుర్రపుడెక్క తుంపులు మాతోపాటే సముద్రం వైపు పోతున్నాయి. మాకంటే కొంచెం వేగంగా కూడా.

గుడి దాటాక తన నడక మారింది. బూటు నేలకి తగిలే చప్పుడు ఒక కాలికి ఒకలా, ఇంకో కాలికి ఇంకోలా వినిపించింది. ఆ బూట్లు పుట్టినరోజుకి నేను కొనిచ్చినవి. “ఓకేనా?” అన్నాను. “పర్లేదు” అన్నాడు. సంగమం దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు చూస్తూ నిలబడ్డాం. నీళ్లు లాగిన వేళ కాబట్టి ఇసుక మేట చాలాదూరం బయటపడి ఉంది. దానికి అటు నది రంగు, ఇటు సముద్రం రంగు. రెండు నీళ్లు కలిసేచోటికి మొగుడూపెళ్లాల పేరు కాకుండా అన్నాచెల్లెళ్ల పేరు పెట్టినవాళ్లకి ఏదో తెలిసే ఉంటుందని జోక్ వేశాను. తను నవ్వాడు, కానీ కూచోలేదు. కూచుంటే మళ్లీ లేవడం కష్టమని కూచోలేదట. అది నాకు సాయంత్రం తెలిసింది.

సముద్రం ఒడ్డున గంటపైన నడిచాక ఒక చిన్న పాయ అడ్డొచ్చింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే చెప్పాడు: “పోటు తిరిగిందమ్మా. దాటితే ఇప్పుడే దాటెయ్యండి, బేగా. ఇంకాసేపు పోతే మీవల్ల కాదండి.” నేను మోకాళ్లదాకా నీళ్లలో చకచకా నడిచి అవతలికెళ్లి వెనక్కి తిరిగి చూశాను. తను ఇంకా మధ్యలోనే ఉన్నాడు. నీళ్లు తొడలదాకా వచ్చాయి. కాలు వేసినప్పుడల్లా మొహం ముడుచుకుపోతోంది. ఒకచోట తూలాడు. నేను మళ్లీ నీళ్లలోకి దిగి చెయ్యి పట్టుకున్నాను. ఒడ్డున బూటు విప్పితే మేజోడు ఎర్రగా ఉంది. బొబ్బ ఎప్పుడో చిట్లింది, దాని మీద ఉప్పునీళ్లు.

“ఎప్పట్నుంచి?”

“గుడి దగ్గర్నుంచి.”

నాకు జాలి వెయ్యలేదు, ఒళ్లు మండింది. ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే ఈ మూడు వారాల ప్రశ్న.

మార్గరెట్ గిల్బర్ట్ అనే తత్త్వవేత్త 1990లో సరిగ్గా ఈ విషయం మీదే, అంటే ఇద్దరు కలిసి నడవడం మీద, ఒక వ్యాసం రాసింది. పేరు ‘వాకింగ్ టుగెదర్’. ఇద్దరు మనుషులు పక్కపక్కన, ఒకే వేగంతో పోతున్నంత మాత్రాన కలిసి నడుస్తున్నట్టు కాదంటుంది. కలిసి నడవడమంటే ఇద్దరూ కలిసి ఒక మాటకి కట్టుబడటం. అందుకే ఒకరు ముందుకెళ్లిపోతే “ఏంటి, అలా వెళ్లిపోతున్నావు?” అని అడిగే హక్కు రెండోవాళ్లకి వస్తుంది. అందుకే ఒక్కరే తమంతట తాము ఆ నడకని రద్దు చెయ్యలేరు. ఇంత చిన్న విషయంలోంచి ఆవిడ సమాజమంటే ఏమిటన్నదాకా వెళుతుంది. చదివినప్పుడు కాస్త అతి అనిపించింది కానీ, పాయ ఒడ్డున నిలబడ్డప్పుడు అనిపించలేదు.

గిల్బర్ట్ ఉదాహరణలో తప్పు చేసేవాడు ముందుకెళ్లిపోయినవాడు. నా ముందున్న కేసు దానికి తిరగేసింది. ఇక్కడ ఎవరూ ముందుకెళ్లలేదు. తను అడుగు తప్పకుండా నా పక్కనే ఉన్నాడు, నా వేగంతోనే నడిచాడు. అయినా గుడి దగ్గర్నుంచి తను నాతో లేడని నాకనిపించింది. తన నడక వేరు, నా నడక వేరు. నేను సముద్రం చూస్తున్నాను, తను అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. మాట ఇచ్చి మధ్యలో వదిలేసినవాణ్ని నిలదీయొచ్చు. మాట నిలబెట్టుకుంటూనే లోపల వదిలేసినవాణ్ని ఏమని అడుగుతాం?

తన వాదన తేలిగ్గా తీసేసేది కాదు. సరుగుడు తోట నీడలో, చున్నీ చింపి కట్టు కడుతుంటే చెప్పాడు: “కాలు నాది, నొప్పి నాది. చెప్పాలా వద్దా అన్నది నా ఇష్టం. చెబితే నువ్వు ఆగేదానివి. ఆర్నెల్లుగా అనుకుంటున్న రోజు నా మడమ వల్ల పాడవడం నాకిష్టంలేదు. ఇందులో తప్పేముంది?”

మామూలు రోజు, మామూలు రోడ్డు మీదైతే బహుశా నేనూ ఒప్పుకునేదాన్ని. ఒంటి నొప్పి కంటే సొంత ఆస్తి ఇంకేముంటుంది? కానీ నీళ్లు పెరుగుతున్న పాయలో తన మడమ తన ఒక్కడిదే కాదు. ఎంతసేపట్లో దాటగలం, అసలు దాటొచ్చా అని నేను వేసిన లెక్కలో తన కాళ్లు కూడా ఉన్నాయి. నాకు తప్పు అంకె ఇచ్చి లెక్క చెయ్యమన్నాడు. ఇంకోటి. నొప్పి దాచినవాడు తన త్యాగాన్ని మాత్రమే దాచడు, ఎదుటివాళ్ల తప్పుని తయారుచేస్తాడు కూడా. తెలిసుంటే నేను సంగమం దగ్గరే ఆటో చూసేదాన్ని. తెలియకపోవడం వల్ల, పుండుకాలితో మనిషిని పది కిలోమీటర్లు నడిపించినదాన్నయ్యాను. అలా అవుతావా అని నన్నెవరూ అడగలేదు.

మనవైపు పెళ్లిలో ఏడడుగులు వేయిస్తారు. కలిసి ఏడడుగులు నడిస్తే స్నేహం కుదిరినట్టేనన్న మాటని కథలో అందరికంటే బాగా వాడుకున్నది సావిత్రి. అరణ్యపర్వంలో సత్యవంతుడి ప్రాణం తీసుకుపోతున్న యముడి వెనక నడుస్తుంది. వెనక్కి పొమ్మంటాడు. ఏడడుగులు నడిచాం కాబట్టి స్నేహితులమయ్యాం, కాబట్టి మాట్లాడతాను, విను అంటుంది. సావిత్రి గురించి ఎప్పుడూ పాతివ్రత్యమే చెబుతారు గానీ, ఆమె చేసిందల్లా నడుస్తూ నోరు విప్పడం. మౌనంగా వెంట నడిచుంటే యముడు వెనక్కి కూడా చూసేవాడు కాదేమో.

దీనికి ఎదురుగా మహాప్రస్థానం గుర్తొస్తుంది. అదీ కలిసి బయల్దేరిన నడకే. ముందు ద్రౌపది పడిపోతుంది. భీముడు కారణం అడుగుతాడు, ధర్మరాజు చెప్పి వెనక్కి చూడకుండా సాగిపోతాడు. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు. వాళ్లెవరూ ఏమీ అనరు. పడ్డాక “నేనెందుకు పడ్డాను?” అని నోరు తెరిచి అడిగింది భీముడొక్కడే. చిన్నప్పుడు ఈ కథలో ధర్మరాజు మీద కోపం వచ్చేది. ఇప్పుడు ద్రౌపది గురించి ఆలోచిస్తున్నాను. ఆమెకి పడేముందే ఎన్నో అడుగుల నుంచి తెలిసి ఉండదా?

ఇక్కడిదాకా ఈ వ్యాసం నాకు అనుకూలంగానే నడిచింది. ఒక విషయం ఇంకా చెప్పలేదు.

గుడి దాటాక తన బూటు చప్పుడు మారిందని రాశాను. అంటే నాకు వినిపించింది. “ఓకేనా?” అన్నాను, నిజమే. కానీ ఎలా అన్నాను? నడక ఆపకుండా, తలతిప్పకుండా, పర్లేదు అనే జవాబు మాత్రమే పట్టేంత చిన్న ప్రశ్న వేశాను. ఆగి, ఎదురుగా నిలబడి “ఏదీ, బూటు విప్పు” అని ఉంటే సంగతి బయటపడేది. బయటపడితే చుట్టు ఆగిపోతుంది. నేను ఆ మాట అనకపోవడానికి అదే కారణమని, సరుగుడు తోటలో తన మీద అరుస్తున్నప్పుడే నాకు తెలుసు. తను చెప్పలేదు, నేను అడగలేదు. తను నా కోసం దాచాడు. నేను దేని కోసం?

‘పర్వా’ అంటే పట్టింపు, ఉర్దూ నుంచి మనకొచ్చిన మాట. పర్వాలేదు అంటే పట్టించుకునే పనిలేదని. చెప్పేవాడు వదిలేయమంటాడు, వినేవాళ్లు సంతోషంగా వదిలేస్తారు. ఇద్దరికీ లాభమైన అబద్ధం కాబట్టే అది అంత బాగా చెల్లుతుంది. సర్దుకుపోవడం అని ఇళ్లలో మనం మెచ్చుకునే గుణంలో ఇలాంటి ఉమ్మడి అబద్ధాలు ఎన్నున్నాయో! మామూలుగా సర్దుకునేది ఆడవాళ్లు, వినిపించనట్టు ఉండేది మగవాళ్లు. మా ఇంట్లో తారుమారైంది కాబట్టి ఏదో కొత్త విషయంలా కనిపించింది, అంతే.

చుట్టునడకకి ఇంకో చిక్కుంది. వెళ్లి వచ్చే దారిలో ఎక్కడ చెప్పినా వెనక్కి తిరగొచ్చు, చెప్పినందుకు ఫలితం ఉంటుంది. చుట్టులో సగం దాటాక వెనక్కి తిరగడం ముందుకెళ్లడం కంటే ఎక్కువ దూరం. “ఇప్పుడు చెప్పి ఏం లాభం?” అన్నది అక్కణ్నుంచి నిజమైపోతుంది. దాచేవాళ్లు, అడగనివాళ్లు ఇద్దరూ ఆ సగం కోసమే ఎదురుచూస్తారు. రెండేళ్ల కిందట నా ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్దామన్నప్పుడు, హైదరాబాదులో తనకి బాగా ఇష్టమైన పని ఉండేది. అప్పుడూ ఇదే మాటన్నాడు. అప్పుడూ నేను అంత చిన్న ప్రశ్నే వేశాను. ఇప్పుడు ఫ్లాట్ కొనుక్కున్నాం.

ఆటో దొరకలేదు. లోపలి రోడ్డు మీద ఒకాయన కొబ్బరికాయల ట్రాలీలో ఎక్కించుకుని రేవు దగ్గర దింపాడు. డబ్బులివ్వబోతే “ఆయ్, ఎందుకండీ” అని వెళ్లిపోయాడు. అలా నా చుట్టు చక్రాల మీద పూర్తయింది. చీకటి పడుతోంది. పంటు కోసం మెట్ల మీద కూచున్నాం. గుర్రపుడెక్క తుంపులు ఇప్పుడు సముద్రం వైపు నుంచి పైకి వస్తున్నాయి. పొద్దున చూసినవేనేమో తెలీదు.

“బెంగళూరు ఎలా ఉంది నీకు?” అన్నాను. తన వైపు తిరిగి కూచునే అడిగాను.

చాలాసేపు నీళ్లకేసి చూశాడు. పంటు అవతలి ఒడ్డు నుంచి బయల్దేరింది.

“ముందు కుడికాలి సంగతి చెప్తాను” అన్నాడు. “అదీ చిట్లింది.”