ఎవరెవరింటికి పంపాలి?

డిసెంబరు మొదటి వారం దాటేసరికి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల క్రైస్తవుల ఇళ్లలో పిండివంటల లెక్క మొదలవుతుంది. బియ్యం ఎన్ని కిలోలు నానబెట్టాలి, బెల్లం ఎంత తేవాలి, అరిసెలు ఏ రోజు, గులాబీ పువ్వులు ఏ రోజు, కేకు ఇంట్లోనా బేకరీలోనా. ఎవరింటికి ఎన్ని పంపాలన్న పట్టికా ఆ లెక్కలోనే తయారవుతుంది. ఇదంతా వంటింటి వ్యవహారమని పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో మాత్రం క్రిస్మస్‌కు సంబంధించిన అసలు విశ్వాస ప్రశ్న ఈ పట్టికలోనే ఉంది. ప్రేమతో పెట్టేదానికి పట్టిక ఎందుకు, లెక్కేసి పెడితే అది ప్రేమ ఎలా అవుతుంది అని కొందరు అడుగుతారు. పట్టిక లేకపోతేనే ప్రేమ దారి తప్పుతుందని నేనంటాను.

ముందుగా వంట సంగతే చూద్దాం. అరిసెకి బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, వడకట్టి తడి ఆరకముందే పిండి పట్టించాలి. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. తొందరపడి దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ఆలస్యం చేస్తే గట్టిపడి కొరుకుడు పడదు. వేగిన వెంటనే రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీయాలి. గులాబీ పువ్వుల అచ్చునైతే నూనెలో బాగా కాగనిచ్చి పిండిలో అంచు దాకానే ముంచాలి. పైదాకా మునిగితే పువ్వు అచ్చును వదలదు. సున్నుండలు, గవ్వలు, జంతికలు డబ్బాలో నిలవుంటాయి గనక ముందు చేసుకోవచ్చు. ఇన్ని పనులున్నచోట, పెట్టాలన్న మనసు పండక్కి రెండు మూడు వారాల ముందే కలగాలి. గుమ్మంలోకి ఎవరో వచ్చాక పుట్టే ఉదారత ఇక్కడ అక్కరకు రాదు.

ఆ ఉదారతకు ఇంకో లోపం కూడా ఉంది. అప్పటికప్పుడు మనసుకు తట్టేది ఎవరు? వియ్యాలవారు, ఆఫీసులో పై అధికారి, సంఘంలో పెద్దమనుషులు, పోయిన సంక్రాంతికి మనకు పంపినవాళ్లు. లూకా సువార్త 14వ అధ్యాయంలో విందు పెట్టేవాడికి యేసు చెప్పిన మాట సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే. తిరిగి పిలవగల స్నేహితుల్నీ బంధువుల్నీ కలిగిన పొరుగువాళ్లనీ కాదు, తిరిగి పెట్టలేని బీదల్నీ కుంటివాళ్లనీ గుడ్డివాళ్లనీ పిలవమన్నాడు. తిరిగి పెట్టలేనివాళ్లు వాళ్లంతట వాళ్లు గుర్తురారు, పనిగట్టుకుని గుర్తు చేసుకోవాలి. అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయం దీనికి గట్టి సాక్ష్యం. యెరూషలేములోని తొలి సంఘంవాళ్లు ఆస్తులమ్మి పంచుకున్నవాళ్లు, ప్రేమకు కొదవ లేనివాళ్లు. అయినా రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అందడం లేదన్న సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఇంకా ఎక్కువగా ప్రేమించండని బోధించి ఊరుకోలేదు, ఏడుగురిని ఏర్పాటు చేయించి ఆ పని అప్పగించారు. పౌలూ అంతే. కొరింథువాళ్లు ఇస్తామన్న చందాను ముందుగా సిద్ధం చేయించడానికి మనుషుల్ని పంపాడు, వాళ్లకు ఆ సంగతి రాసిన పత్రికలోనే సంతోషంగా ఇవ్వమనీ చెప్పాడు. ముందస్తు ఏర్పాటు సంతోషాన్ని చెడగొడుతుందని ఆయనకు అనిపించలేదు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని యేసు అన్నాడు కదా, పేర్లు రాసుకుని ఇవ్వడమేమిటని మత్తయి సువార్తను చూపించేవాళ్లూ ఉంటారు. అక్కడ ఆయన తప్పు పట్టింది నలుగురూ చూడాలని బూర ఊదించుకోవడాన్ని. వంటింటి గోడకు అంటించిన కాగితాన్ని చూసేది ఇంట్లోవాళ్లే. పంచుతూ ఫోటోలు తీయించుకోవడమే నేటి బూర. ఇక, బీదవాళ్లకు అరిసెలెందుకు, ఆ డబ్బుతో బియ్యం కొనివ్వొచ్చుగా అన్న వాదన పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న జనానికి, వెళ్లి కొవ్వినవి తిని తియ్యనివి తాగమనీ, ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్లకు వంతులు పంపమనీ చెప్పారు. తమ ఇంట్లో తినేదాంట్లోంచే వంతు, ముతకదేదో విడిగా వండి కాదు. బియ్యం ఏడాది పొడుగునా ఇవ్వాల్సిందే. పండగ పూట పండగలోనూ భాగం ఇవ్వాలి.

ఎలా పంపాలన్నది ఇంకా సున్నితమైన సంగతి. మన ఇళ్లలో పక్కింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేస్తారు. ముచ్చటైన అలవాటే గానీ లేనివాడికి అదొక అప్పు. ఇచ్చినది పుచ్చుకోవడంలోనూ బదులివ్వడంలోనూ ఎంత బలవంతం దాగి ఉంటుందో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వివరంగా రాశాడు. అందుకని వాళ్లకు తిరిగివ్వనక్కరలేని కాగితం సంచిలో పంపుదామంటే ఇంకో చిక్కు. కొందరికి స్టీలు డబ్బా, కొందరికి కాగితం సంచి అంటే దళితులకు వేరే గ్లాసు పెట్టే టీకొట్ల రెండు గ్లాసుల పద్ధతి మన వంటింట్లోకి వచ్చినట్టే. కాబట్టి అందరికీ ఒకే సంచి, అవే రకాలు, అదే లెక్క. వాళ్లు తర్వాతెప్పుడైనా ఏదైనా తెచ్చిస్తే కళ్లకద్దుకుని పుచ్చుకోవాలి, వద్దనడం అవమానించడమే.

కులం ఊసు ఎత్తాక ఇంట్లోనే ఎందుకు చేయాలన్నదీ చెప్పాలి. 1876-78 కరవు వెన్నంటే ఒంగోలు ప్రాంతంలో వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తెలుగు సంఘాల్లో చాలావాటికి పునాది అలాంటి అంటరాని వాడలే. ఆ వాడల ఇళ్లలో చేసిన అరిసె పొరుగువారి గుమ్మానికి వెళ్తే అక్కడొక ప్రశ్న లేస్తుంది: ఈ చేత్తో చేసింది తింటారా? సీలు తియ్యని మిఠాయి పెట్టె ఆ ప్రశ్నను రానివ్వదు. అందుకే పెట్టె సుఖం. నొచ్చుకుని పెట్టె ఎంచుకున్నవాళ్లను తప్పు పట్టను. ఎన్నిసార్లు తిరస్కారం భరించాలో చెప్పే హక్కు పక్కవాళ్లకు లేదు. కానీ అడిగే ధైర్యమున్న ఇల్లు ఇంటి వంటే పంపాలని నా కోరిక.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం ఆడవాళ్ల శ్రమ గురించి. పేరు ఇంటిది, పొయ్యి దగ్గర మాడేది ఒక్క మనిషి. ఈ మాట నిజం, దీనికి జవాబు కూడా పట్టికలోనే రాయాలి. పిండి పట్టించుకొచ్చేది ఎవరు, చెక్కలతో నొక్కేది ఎవరు, సంచులు మోసుకెళ్లేది ఎవరు అని మగవాళ్ల పేర్లూ పిల్లల పేర్లూ అందులో ఉండాలి. అప్పటికీ చేతులు చాలకపోతే ఆరు రకాలు రెండవ్వాలి. ఆ రెండు కూడా అందరికీ సరిపోకపోతే, వియ్యాలవారికి ఆ ఏటికి ఫోన్లో శుభాకాంక్షలు చెప్పి, వాళ్ల వంతు అరిసెలు పట్టికలో చిట్టచివరి ఇంటికి పంపాలి.