దృష్టి - ధర్మము

ఇంద్రకీలాద్రి మెట్లెక్కి వచ్చు భక్తుడు కోరునది దర్శనము. దర్శనమనగా చూచుట. గంటల తరబడి వరుసలో నిలిచినవానికి గర్భాలయము ఎదుట లభించునది కొన్ని క్షణములే. ఆ క్షణములలో కనకదుర్గమ్మ ముఖము మసకగా మాత్రమే ఆను వృద్ధులెందరో ఉందురు. కనిపించలేదని వారు చెప్పరు. వయసు మీదపడినదని సరిపెట్టుకొని నమస్కరించి వెడలుదురు. పూర్వజన్మ కర్మమని ప్రక్కవారు నిట్టూర్చుదురు. ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగుచున్నది. తొలగింపదగిన అంధత్వమును కర్మమని ఊరకుండుట భక్తియా, ఉపేక్షయా?

కర్మసిద్ధాంతమును బోధించిన సంప్రదాయమే చికిత్సను కూడ బోధించినది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రమునందు 76 నేత్రరోగములు చెప్పబడినవి. శలాకతో శుక్లమును ప్రక్కకు తొలగించు విధానము కూడ అందు కలదు. చేతులు ముడుచుకొని కూర్చుండుటయే శాస్త్రసమ్మతమైనచో ఆ శలాకతో పనియేమి? ఒకని పూర్వకర్మ ఎట్టిదో మరొకనికి తెలియదు. అతని బాధ మాత్రము ఎదుటనే ఉన్నది. తెలియని దానిని సాకుగా చూపి, తెలిసిన దానిని విడుచుట ధర్మము కాజాలదు. తన కష్టమును తాను సహించుటకు కర్మభావన ఊతకర్ర వంటిది. ఇతరుల కష్టమును చూచి ఊరకుండుటకు దానిని వాడుకొనరాదు.

జీవితమున ఏ దశలో చూపు మందగించినను ఒక విషయము సామాన్యముగా కనిపించును. బాధపడువాడు ఆ సంగతి చెప్పలేడు, లేక చెప్పడు. చూపు అననేమో తెలియని శిశువు, అది లేదని చెప్పనేరదు. నల్లబల్లపై అక్షరములు ఆనని బాలుడు లోకమంతయు అట్లే ఉండుననుకొనును. పెద్దలు వానిని మందబుద్ధి యనుకొందురు. ఒక కన్ను సరిగా పనిచేయనపుడు బాలుని మెదడు ఆ కంటి చూపును క్రమముగా విస్మరించును. ఏడెనిమిదేండ్ల లోపున గుర్తించి చికిత్స చేయించినచో చక్కబడు అవకాశమెక్కువ. పిదప అది సన్నగిల్లును. ఏ విటమిను లోపమున రేచీకటి కలుగును. మునగాకు, తోటకూర, బొప్పాయిపండు, గ్రుడ్డు ఆ కొరతను తీర్చును. మునగచెట్టు పెరటిలోనే ఉండగా బిడ్డకు రేచీకటి కలుగుట కర్మము కాదు, పెద్దల ఎరుకలేమి. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన కంటి వెలుగు కార్యక్రమమున తొలుత పాఠశాలల పిల్లలకు పరీక్షలు జరిపించుట ఎంతయు సముచితము.

నడివయసువాడు చెప్పగలడు, కాని చెప్పడు. నలుబదియేండ్లు దాటిన పిదప కంటిలోని కటకము సాగుగుణమును కోల్పోవుటచే దగ్గరి వస్తువులు ఆనవు. తెలుగువారు దీనిని చత్వారమందురు. ఆ పేరులోనే నలుబది యున్నది. కళ్ళజోడునకు సిగ్గుపడి పనినే తగ్గించుకొనువారు కలరు. కృష్ణా డెల్టాలో వరికోతలు, నూర్పిళ్ళ వేళ కంకి గాని ఊక గాని కంటికి తగులుచుండును. ఆ చిన్నగాయమున బూజు చేరినచో నల్లగ్రుడ్డుపైనున్న పారదర్శకమైన పొర పుండుపడును. కూలి పోవునని ఒక దినము, ఆకుపసరు పోయించి మరియొక దినము గడపునంతలో కంటిలో పువ్వు వేయును. మధుమేహము, నీటికాసులు పలుమారు నొప్పి లేకయే చూపును హరించును. నీటికాసులవలన పోయిన చూపు మరల రాదు. ఇల్లంతయు మోయువాడు తన కన్నును అందరికంటె చివరకు చూచుకొనును.

వృద్ధుడు చెప్పుటకే జంకును. పిల్లలకు భారమగుదునని అతని భయము. 1996-2000 సంవత్సరముల నడుమ నాటి ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమగోదావరితో కలిపి నాలుగు ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించి ఒక అధ్యయనము జరిపిరి. నూటికి 1.84 మంది అంధులని అందు తేలినది. ఆ అంధత్వమునకు 44 శాతము శుక్లములును, 16 శాతము కళ్ళజోడుతో దిద్దదగిన జాతి దోషములును కారణములు. అనగా అయిదుగురిలో ముగ్గురి చీకటి మానవయత్నముచే తొలగునదే. అంధత్వ నివారణకై 1976లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిన సినీదర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేరిట 1987లో హైదరాబాదున నేత్రవైద్య సంస్థ వెలసినది. ఆ సంస్థ ప్రాంగణము నేడు విజయవాడ చెంత తాడిగడపలో కూడ ఉన్నది. వైద్యము ఇంత చేరువకు వచ్చినను, వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవు చేయి లేక చీకటిలో ఉండిపోవువారు కలరు.

ఆ చేయి ఎట్టిదో మహాభారతము చూపినది. యుద్ధమునకు ముందు వ్యాసుడు ధృతరాష్ట్రునకు చూపు నొసగెదననగా, బంధువధ చూడనొల్లక అతడు వలదన్నాడు. ఆ దివ్యదృష్టి సంజయునకు లభించినది. భారతము ఆ రాజు జన్మాంధత్వమును దోషమనలేదు. పుత్రమోహముచే అధర్మమును అడ్డుకొనకపోవుటనే దోషమన్నది. భర్తకు లేని చూపు తనకేల యని గాంధారి కన్నులకు గంత కట్టుకొన్నది. ఆ త్యాగము వందనీయము. అయినను ఒక ప్రశ్న మిగులును. తెరచిన కన్నులతో ఆమె భర్తకు దారి చూపియున్నచో ఎట్లుండెడిది? సంజయుడు చేసినది అట్టి పనియే. తాను చూచినాడు, చూచినది దాచక చెప్పినాడు. తోటివాని చీకటిలో తానును కూర్చుండుట ఒక మార్గము. అతనికొరకు చూచుట మరియొక మార్గము. గృహస్థునకు రెండవదియే కర్తవ్యము.

చికిత్సకు లొంగని అంధత్వమును కలదు. అట్టివారు భగవంతునకు ఏమాత్రము దూరము కారు. గంటానాదము, కుంకుమ పరిమళము, నామశ్రవణము వారికి దర్శనమే యగును. చూపులేని లూయీ బ్రెయిలీ (1809-1852) ఆరు చుక్కలతో లిపి కల్పించి విద్యాద్వారములను తెరచినాడు. అంతర్దృష్టియే మిన్నయనుట నిజము. కాని ఆ మాట చూపు లేనివాడు అనవలెను; అతనిని వైద్యుని చెంతకు కొనిపోవలసినవాడు అనరాదు.

శ్రీకాళహస్తిలో కన్నప్ప తన కన్నును పెకలించి శివున కర్పించెను. నేడు ఎవరును బ్రతికి యుండగా కన్ను నీయనక్కరలేదు. మరణించిన ఆరు గంటలలోపున నేత్రదానము జరిగినచో, కంటి ముందుపొర మరొకరికి చూపునీయగలదు. కళ్ళజోడు ధరించినవారును, శుక్లములకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారును దాతలు కావచ్చును. దానివలన ముఖము వికారము కాదు, అంత్యక్రియలకు ఆటంకము కలుగదు. అగ్నికి ఆహుతి యగు కన్ను కన్నప్ప బాటలో నడచుట కంటె పుణ్యమేమి?

దైవకృపకు కటాక్షమని పేరు. కటాక్షమనగా కడకంటి చూపు. అమ్మ చూపు తనపై ప్రసరింపవలెనని కోరువాడు, తన ఇంటి మూలన మౌనముగా కూర్చున్న తల్లివైపును, పుస్తకమును ముఖమునకు ఆనించి చదువు బిడ్డవైపును తన చూపును ప్రసరింపజేయవలెను. జగన్మాత కటాక్షమునకు పాత్రుడగుట అచ్చటనే ఆరంభమగును.